నిమ్మతోటలో కొలత బోరు

మేము బావులు తవ్వేవాళ్లం కాదు

చెన్నైలో మా కోడంబాక్కం వీధిలో ఎవరింట్లో మోటారు గాలి పీల్చినా ఇప్పటికీ నన్నే పిలుస్తారు. "మునిరత్నం మామా, మీరు బోరు మనిషి గదా, మా బోరు ఎందుకో దగ్గుతా ఉంది, కొంచెం వచ్చి చూడండి" అంటారు. పోతాను, మోటారు మీద చెయ్యి పెడతాను, పెద్దగా తల ఊపుతాను, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేస్తాను. నేను బోరు మనిషినే గానీ నీళ్లు తెచ్చే బోరు మనిషిని కానని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కదు. పని చేసినన్నాళ్లూ మా ఇంటావిడకే ఎక్కలేదు. "నీళ్ల కోసం కాకపోతే మరి దేనికయ్యా భూమికి చిల్లులు పెడతారు?" అని అడిగేది.

అడగడానికి పెడతాం. రాతిని అడగడానికి.

భూమి కింద గని తవ్వేవాళ్లకు అన్నిటికన్నా పెద్ద భయం నీళ్లంటే. పైనున్న నీళ్లు రాతి పొరల సందుల్లోంచి గనిలోకి దిగుతాయా, దిగితే ఏ మాత్రం దిగుతాయి, ఇది తవ్వకముందే తెలుసుకోవాలి. అందుకని పైనుంచి సన్నటి బోరు వేసి, ఒక్కొక్క రాతి పొరకూ విడిగా పరీక్ష చేస్తాం. బోరులోకి దించే పైపుకు రెండు చోట్ల లావుపాటి రబ్బరు తొడుగులు ఉంటాయి. గాలి కొడితే అవి ఉబ్బి బోరు గోడకు కరుచుకుంటాయి. ఆ రెంటి నడుమ ఉన్న రాయి ఒక్కటే విడిగా దొరుకుతుంది. దానిలోకి నీళ్లు ఒత్తి పంపి, అది ఎన్ని నీళ్లు తాగుతుందో మీటరులో చూస్తాం. గటగటా తాగితే సందులున్న రాయి. ముల్లు కదలకపోతే గట్టి రాయి. మా పనంతా ఇంతే. నేను పైపులు మోయడంతో మొదలుపెట్టి, మిషను నడిపి, చివరికి ఈ పరీక్షలు చేసే మనిషిగా మిగిలాను.

ఈ పనిలోకి కొత్తగా పిల్లలు వస్తున్నారు. అంబత్తూరు పక్క మా పాత షెడ్డుకు పోయినప్పుడు చూస్తుంటాను. చేతిలో ఫోను, అందులోనే లెక్కలన్నీ. సంతోషం. నేను అయిదో తరగతిలో బడి మానినవాణ్ణి, తెలుగు అక్షరాలు మా అమ్మ ఇంట్లో నేర్పింది. మీకు చదువు చెప్పేంత వాణ్ణి కాను. కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రం మరిచిపోలేదు. అది చెప్తాను. ఇందులో సంతోషపడే సంగతులు తక్కువ, ముందే అనుకుని చదవండి.

రాయి తాగిందా, పైపు తాగిందా

మా ఓనరు వరదరాజులు నాయుడు గారు. మాలాగే ఎన్నో తరాల కిందట ఈ ఊరికి వచ్చి నిలిచిపోయిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం, కోపమొస్తే రెండూ. ఇనుము గురించి ఆయనకు తెలియనిది లేదు. మర బిగిసే చప్పుడు విని, అది సరిగా పట్టిందో లేదో చెప్పేసేవారు.

నేను పరీక్షలు నేర్చుకునే రోజుల్లో ఒక చోట రాయి తెగ తాగేసింది. ఎంత ఒత్తితే అంత లాగేస్తోంది. గనివాళ్ల ఇంజనీర్లకు చెమటలు పట్టాయి, కింద ఏదో పెద్ద బిలం ఉందని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. నాయుడు గారు వచ్చారు. వచ్చీ రాగానే, "ఏంపా మునిరత్నం, రాయి తాగుతుందా, నీ పైపు తాగుతుందా?" అన్నారు. పైపులన్నీ బయటికి లాగించి, నేల మీద పరిపించి, చివర బిగించి ఒత్తిడి పెట్టమన్నారు. ఒక అతుకు దగ్గర వంగి చూస్తున్నారు, సరిగ్గా అక్కడే చిమ్మింది. తెల్ల చొక్కా, నుదుటి మీద నామం, అంతా తడిసిపోయింది. మేము నవ్వాలో, పారిపోవాలో తెలియక నిలబడ్డాం. ఆయనే ముందు నవ్వారు. "చూసినావా? ఊరికే రాయి మీద నింద వేసినాం గదప్పా!"

ఆ రోజు నుంచి రాతిని పరీక్షించే ముందు నా పైపును పరీక్షించకుండా నేను పని మొదలుపెట్టలేదు. మీరూ అట్లాగే చెయ్యండి. ముల్లు కదిలితే అనుమానించండి, కదలకపోయినా అనుమానించండి. ఇది ఆయన నేర్పిన మంచి.

మంచి చెప్పాను గనక రెండోదీ చెప్పాలి. ఇనుము ముందు అంత గొంతున్న మనిషికి, కస్టమరు ముందు కూర్చుంటే గొంతు లేచేది కాదు. "వాళ్లు అడిగింది చేసేద్దాం, వాళ్లు అడగంది మనకెందుకు?" ఇది ఆయన వ్యాపారం. ఆయన చెడ్డవాడని నేను అనను. నా పెళ్లికి దగ్గరుండి అన్నీ చూసుకున్న మనిషి. కానీ ఈ వృత్తిలో అడిగింది మాత్రం చేసేవాళ్ల వల్ల ఏమవుతుందో నేను చూశాను.

చెంగమ్మ నీళ్లు

ఆ గని చెన్నై నుంచి ఒక పూట ప్రయాణం, ఆంధ్రా వైపు కొండల్లో. పేరు చెప్పను. వాళ్లు భూమి కింద సొరంగాలు తవ్వుకుంటూ నిమ్మతోటల కిందికి రావాలనుకున్నారు. ముందు పైనుంచి రాతి పొరలూ నీళ్లూ చూడమని మమ్మల్ని పిలిచారు. మా మిషను చెంగమ్మ అనే ఆమె తోట గట్టు మీద దిగింది.

చెంగమ్మకు ఉన్నది ఆ తోట, ఆ బావి. చెట్లు అప్పుడే కాపుకు వచ్చాయి. నిమ్మ చెట్టు పసిపిల్ల లాంటిది, ఎండాకాలంలో నీళ్లు తప్పితే ఏడవకుండానే పోతుంది. ఆమె మొగుడు పెంచలయ్య ఆ గనిలోనే పారపని. పొద్దున తోటకు నీళ్లు కట్టి, టిఫిను డబ్బా పట్టుకుని గనిలోకి దిగేవాడు. పైన ఆమె, కింద ఆయన.

మా పనికి నీళ్లు కావాలి. బోరు వెయ్యడానికి నీళ్లు, పరీక్షకు నీళ్లు. దగ్గర్లో ఉన్నది ఆమె బావే. పోయి అడిగాను.

"ఏందన్నా, నీళ్లుండాయో లేదో చూసేదానికి వచ్చినారు, ఆ చూసేదానికే మా నీళ్లు అడగతా ఉండారు! యాడైనా ఉండాదా ఈ చోద్యం?" అంది చెంగమ్మ.

"బోరులోకే గదమ్మా పోసేది. నీ నీళ్లు నీ భూమిలోకే పోతాయి" అన్నాను.

"అట్లయితే తోడుకోండి. నేను చెట్లకు కట్టే పొద్దు మాత్రం మోటారు ముట్టుకోబాకండి. ముట్టుకుంటే మీ పైపులు మీరే ఎత్తుకుని పోవాల."

నన్ను అన్నా అని పిలిచింది గనక పెంచలయ్య నన్ను బావా అనేవాడు. "ఆమెకు అన్నవైతే నాకు బావవే గదా, ఈ లెక్కకు పరీక్షలేం అక్కర్లేదు" అని ఎగతాళి చేసేవాడు. ఉన్నన్నాళ్లూ సాయంత్రం టీ వాళ్లింట్లోనే.

మాతో పాటు వచ్చిన భూగర్భ శాస్త్రం చదివిన అమ్మాయి వసంత మేడం. టి. నగర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగిల్లే అయినా మాటకు ముందు తమిళమే వచ్చేది. బోరులోంచి వచ్చిన రాతి కడ్డీలను వరుసగా పేర్చి, నీళ్లు చల్లి, ఒక్కొక్క దాన్నీ చేత్తో తడిమి చూసేది. పైన మెత్తబడిన రాయి. చెంగమ్మ బావి నీళ్లన్నీ అందులోవే. దాని కింద నల్లటి పలకరాయి, నున్నగా, ఎక్కడా గీత లేకుండా. దాని కింద గనివాళ్లకు కావలసిన ఖనిజం.

పలకరాయిలో రబ్బర్లు ఉబ్బించి నీళ్లు ఒత్తాం. ముల్లు కదల్లేదు. ఒత్తిడి పెంచాం. కదల్లేదు. పైపులు తీసి పరీక్షించి మళ్లీ దించాం. అయినా కదల్లేదు.

"ఆమా, అవునన్నా, చాలా బాగుంది" అంది మేడం. ముఖం వెలిగిపోయింది. "ఈ పలకరాయి పళ్లెం మాదిరి. పైనీళ్లను పట్టుకుని కూర్చుంది. ఇది ఉన్నంతవరకూ పైది పైనే, కిందది కిందే."

నేనే పోయి చెంగమ్మకు చెప్పాను, నీ బావికి భయం లేదని. ఆమె తన చెట్టు కాయలే కోసి అందరికీ నిమ్మరసం కలిపి ఇచ్చింది. మేడం గ్లాసులో రెండోసారి కూడా పోసింది.

ఆ మాట నిజం. ఈ రోజుకీ నిజమే. మా పరీక్షలో తప్పు లేదు, పళ్లెం గట్టిదే. కాకపోతే ఆ పళ్లెం గట్టిదని తెలుసుకోవడానికి దాని నడిమధ్యన చిల్లు పెట్టాం.

తెరిచి ఉంచడం

పరీక్ష అయిపోయిన బోరును ఏం చెయ్యాలి? రెండు దారులు. ఒకటి, అడుగు నుంచి పైదాకా సిమెంటు పాలు నింపి మూసెయ్యడం. రెండోది, నీటి మట్టం కొలవడానికి దాన్ని అట్లాగే ఉంచుకోవడం. మేము దాన్ని కొలత బోరు అంటాం. పైన కొద్ది దూరం ఇనప పైపు దించి, మూత పెట్టి, తాళం వేస్తాం. కింద బోరు బోరుగానే ఉంటుంది, పలకరాయిని దాటి ఖనిజం నెత్తి దాకా.

గనివాళ్లు కొలత బోరు ఉంచమన్నారు. నీళ్లు తగ్గుతున్నాయేమో నెలనెలా చూస్తామని, చూస్తేనే ఊరివాళ్లకు ధైర్యమని. నాయుడు గారు సరే అన్నారు. "నిండా సిమెంటు పోసేస్తే ఎట్లా కొలుస్తారుపా?" అన్నారు. మేడం ఒప్పుకుంది. ఎవరి మనసులోనూ అనుమానం లేదు. మా పనివాళ్లందరూ ఎక్కడైనా అట్లాగే చేసేవాళ్లు. కొలవడం మంచి పని గదా. మంచి పనికి తెరిచిన బోరు చెడు చేస్తుందని ఎవరికి తడుతుంది?

నెలకొకసారి నేను చెన్నై నుంచి పోయేవాణ్ణి. తాళం తీసి టేపు దించుతాను. టేపు కొసన చిన్న గుండు ఉంటుంది, అది నీళ్లను తాకగానే చేతిలోని పెట్టె కూస్తుంది. తాళం చప్పుడు వింటే చాలు, చెంగమ్మ చేతిలో పని వదిలేసి గట్టు మీదికి వచ్చేది.

"కూసిందా అన్నా?"

"కూసిందమ్మా. ఎక్కడుండేది అక్కడే ఉంది."

కొన్ని నెలలు అట్లా గడిచింది. అప్పటికి కింద సొరంగం తోట దగ్గరికి వస్తోంది. ఒక నెల టేపు ఒక చెయ్యి పొడుగు ఎక్కువ దిగింది. ఎండాకాలమన్నాను. ఆ తర్వాతి నెల ఒక మనిషి లోతు. వానలు సరిగా లేవన్నాను. ఆ తర్వాత టేపు దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది, పెట్టె మాత్రం నోరు మూసుకుని కూర్చుంది. చెంగమ్మ పక్కన గొంతుక్కూర్చుని బోరు నోట్లోకి చూస్తోంది.

"ఏందన్నా, ఇంకా కుయ్యలా?"

నేను టేపు వదులుతూ పోయాను. ఆమె లేచి బావి దగ్గరికి పోయి, మోటారు పైపును ఇంకా కిందికి దించమని కూలివాణ్ణి కేకేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెంచలయ్య తల నుంచి కాలి దాకా తడిసి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. "కింద వాన పడతా ఉండాది బావా. పైకప్పునించి చినుకులు" అన్నాడు.

"పైన పడే వాన ఎటూ లేదు, కింద పడేదాంట్లోనన్నా తడిసి రా. సబ్బు ఇస్తా, రేపు ఆడనే స్నానం కూడా చేసుకుని రా" అంది చెంగమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వుతూనే నేను ఆ తడి చొక్కాను ఇంకోసారి చూశాను.

ఆకుపచ్చ చొక్కా

చెన్నైకి వచ్చి వసంత మేడంకి ఫోను చేశాను. బావి సంగతీ, కింద చినుకుల సంగతీ రెండూ కలిపి చెప్పాను. ఏ నెల టేపు ఎంత దిగిందో అడిగి రాసుకుంది. తర్వాత "అయ్యయ్యో" అంది, అంతే.

రంగు పరీక్ష చెయ్యాలంది. దాని కోసం గనివాళ్ల దగ్గర అనుమతి కూడా తనే తెచ్చింది. ఆ పొడి చూడ్డానికి ఇటుకరంగులో ఉంటుంది, నీళ్లలో కలిస్తే మెరిసే ఆకుపచ్చ అయిపోతుంది. మనుషులకూ పశువులకూ హాని లేనిదే. దాన్ని నీళ్లలో కలిపి కొలత బోరులో పోశాం. అది ఎక్కడ బయటపడితే నీళ్లకు అక్కడికి దారి ఉన్నట్టు. మేడం ఊళ్లోనే ఒక గది తీసుకుని ఉండిపోయింది. పొద్దున్నే గనివాళ్లు పైకి తోడిపోసే కాలువ దగ్గరికి పోయి, సీసాలో నీళ్లు పట్టి ఎండకెత్తి చూసేది. ఏమీ లేదు. మరునాడూ లేదు. ఏమీ రాకూడదని ఆ పిల్ల లోపల దేవుణ్ణి మొక్కుకుంటోందని నాకు తెలుసు, నేనూ మొక్కుకుంటున్నాను గనక.

కాలువ కన్నా ముందు పెంచలయ్య చొక్కా చెప్పింది.

మేము చెంగమ్మ ఇంటి ముందు కూర్చుని ఉన్నాం. డ్యూటీ దిగి వస్తున్నాడు. భుజాలు, వీపు, తలకు చుట్టుకున్న తువ్వాలు, అన్నీ ఆకుపచ్చ.

చెంగమ్మ చూసి పడీపడీ నవ్వింది. "ఇదేంది సామీ, చిలక మాదిరిగా వచ్చినావు! ఎవురు పూసినారు? జామకాయ పెట్టేదా?"

"నన్నొక్కణ్ణే కాదు, ఆడుండే అందరం ఇట్లే ఉండాం. పొద్దుటినించీ పైకప్పులో పచ్చగా కారతా ఉండాది" అన్నాడు పెంచలయ్య. మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

నవ్వుతున్నది చెంగమ్మ ఒక్కతే. "ఏం, మీరెవురూ నవ్వరే? ఏమైంది అన్నా?"

నేనే చెప్పాను. మేము కొలవడానికి ఉంచిన బోరులోంచి పైనీళ్లు పలకరాయిని దాటి గనిలోకి దిగుతున్నాయని. పెంచలయ్య మీద పడేది వాన కాదని.

ఆమె మొగుడి చొక్కా అంచు పట్టుకుని పిండింది. పచ్చటి నీళ్లు చేతిలో నుంచి నేల మీద పడ్డాయి.

"అంటే ఇన్నాళ్లూ మా బావి ఈయన నెత్తిన పోసుకుంటా ఉండామా అన్నా?"

నా వయసంతా ఈ పనిలోనే పోయింది. ఆ ప్రశ్న కన్నా సరైన రిపోర్టు నేను ఎక్కడా వినలేదు.

మూశాం

బోరును వెంటనే మూసెయ్యాలని మేడం అదే రోజు గని ఆఫీసులో కూర్చుంది. నేను వెనక కుర్చీలో ఉన్నాను. మేనేజరు మర్యాదస్తుడే. మంచినీళ్లు ఇప్పించాడు, అంతా విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా? "మేడం, ఆ బోరు మూసేస్తే నీటి మట్టం తగ్గుతోందో లేదో మనకు తెలిసేదెట్లా?" అన్నాడు. మాట విరుపు కాదు, నిజంగానే అడిగాడు. కొలిచే చోటు పోతుందని అతని బాధ.

మేడం చెన్నై వచ్చి నాయుడు గారి ముందు నిలబడింది.

"సార్, మన ఖర్చుతోనే మూసేద్దాం. రేపే పోదాం."

"నేను మూయొద్దంటానా అమ్మా? వాళ్లు డబ్బిచ్చి వేయించుకున్న బోరు. కస్టమరు చెప్పకుండా మనం చెయ్యి పెట్టేదానికి లేదు. పైనుంచి ఆర్డరు రానీ, సరియా?"

"ఆర్డరు వచ్చేలోగా ఆ తోట పోతుంది సార్."

నాయుడు గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకుని బల్ల మీది నట్టును తిప్పుతూ కూర్చున్నారు. ఇనుము ఉంటే చాలు, ఆయనకు చేతులు ఖాళీగా ఉండవు.

ఆర్డరు వచ్చింది. వచ్చేసరికి కింద ఆ చినుకుల చోట పైకప్పు ఊడిపడింది. అదృష్టం కొద్దీ ఆ వేళకు అక్కడ ఎవరూ లేరు. మేము పోయి అడుగు నుంచి పైదాకా సిమెంటు పాలు నింపాం. చాలా శుభ్రంగా చేశాం. నేను ఇన్నేళ్లలో అంత శ్రద్ధగా మూసిన బోరు ఇంకొకటి లేదు. చెంగమ్మ చెట్టు కింద కూర్చుని చివరిదాకా చూసింది. సిమెంటు బోరు నోటి దాకా రాగానే లేచి నేరుగా బావి దగ్గరికి పోయింది, అప్పటికప్పుడే ఊరి ఉంటుందన్నట్టు.

వానలకు బావిలో జానెడు నీళ్లు చేరాయి. పండగ వచ్చినట్టు నాకు ఫోను చేసి చెప్పింది. కొన్నాళ్లకు అవీ దిగిపోయాయి. నీళ్లు అన్ని నెలలు ఆ దారిన దిగి దిగి, చిల్లు చుట్టూ ఉన్న పలకరాయిని నానబెట్టేశాయట. పైకప్పు ఊడిపడినప్పుడు ఆ పలక నిలువునా బీటలిచ్చిందట. మేడం నాకు కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. చిల్లు ఒకటే అయితే మూయొచ్చు. పగిలిన పళ్లేన్ని ఎక్కడని మూస్తాం?

ఆ తర్వాత వసంత మేడం ఎక్కువ కాలం ఈ పనిలో లేదు. ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెప్తోందని విన్నాను. తెలివైన పిల్ల, మంచి పిల్ల. ఈ వృత్తి అట్లాంటి వాళ్లను నిలవనివ్వదు, ఏం అనుకోకండి.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పవలసిన ముక్క ఒకటే. కొలత బోరు కావాలంటే పైపును అడుగుదాకా దించండి. ఏ పొరలో నీళ్లు కొలవాలో అక్కడ మాత్రం పైపుకు సందులుంచి, మిగతా అంతా పైపు బయట సిమెంటు నింపండి. ఒక పొర నీళ్లు ఇంకొక పొరలోకి దూరకూడదు. కష్టమేమీ కాదు, ఇంకో పూట పని. ఇది నేను తర్వాత నాయుడు గారికి చెప్పాను. "అన్ని చోట్లా పలకరాయి ఉంటుందాపా?" అన్నారు. మిగతా ఊళ్లలో మేము తెరిచి వచ్చిన బోర్లు ఎట్లా ఉన్నాయని అడిగాను. ఆయన లేచి షెడ్డులోకి పోయారు. ఇప్పటికీ అవి అక్కడక్కడా తాళాలు వేసుకుని నిలబడి ఉన్నాయి. ఆ తాళాలు ఎవరు తీస్తున్నారో, టేపు ఎంత దూరం దిగుతోందో నాకు తెలియదు.

ఈ పనిలో ఉన్న చెడ్డ గుణం చెప్తాను. మనకు తెలిసిపోతుంది. అందరికన్నా ముందు తెలిసిపోతుంది. ఆపడం మాత్రం మన చేతిలో పెట్టరు. తెలిస్తే చాలు, మంచి జరిగిపోతుందని వయసులో నేనూ అనుకున్నాను. మీరూ అనుకుంటూ ఉండి ఉంటారు. అనుకోండి. నేను వద్దనను.

పంపు దగ్గర

పని మానేసే ముందు ఆ గనికి ఆఖరుసారి పోయాను. కింద సొరంగంలో ఊరే నీళ్లు ఎన్ని ఉన్నాయో కొలవమని పంపారు. దారిలో తోట చూశాను. ఎండిపోయిన చెట్లను సగం కొట్టేశారు, మిగతావి ఆకు లేకుండా ముళ్లతో నిలబడి ఉన్నాయి. ఊరి మొదట్లో ట్యాంకరు ఆగి ఉంది. గనిలోంచి తోడిన నీళ్లే వడగట్టి ఊరికి ఇస్తున్నారు. చెంగమ్మ బిందెలతో వరసలో ఉంది. నన్ను చూసి, "రా అన్నా, కాఫీ తాగిపోదువు, మా బావి నీళ్లే, బండెక్కి వస్తా ఉండాయి" అంది. వరసలోని ఆడవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. పని చూసుకుని వస్తానన్నాను.

గనిలోకి దిగాను. నీళ్లన్నీ ఒక గుంటలోకి చేరుతాయి, అక్కడ పంపు ఉంటుంది. గుంటలోకి వచ్చే కాలువకు అడ్డంగా, నడుమ కోసిన రేకు ఒకటి పెట్టి ఉంటారు. ఆ కోతలోంచి నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో చూసి ఎన్ని నీళ్లో లెక్క కడతాం. స్కేలు తీసి వంగాను. పంపు పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు.

పెంచలయ్య.

"పారపని పోయింది బావా. ఈ పక్క తవ్వడం ఆపేసినారు గదా. పంపు చూసుకోమన్నారు" అన్నాడు.

పంపు హోరులో చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాలి. నీళ్లు నల్లటి పైపులో పైకి పోతున్నాయి. అతను ఆ పైపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"ఇది నిలిపేస్తే మా బావికి ఊరతాయా?"

"నిలిపితే ముందు అవతలి సొరంగంలో ఉన్నవాళ్లు మునుగుతారు పెంచలయ్యా. ఆ తర్వాత ఇదంతా నిండి, పైకి లేచి, ఎప్పటికో..."

"తెలుసులే. ఊరికే అడిగినా."

నేను స్కేలు పెట్టి చూశాను. నీళ్లు ఎక్కువే ఉన్నాయి. అతను అటు చూడలేదు.

"చెంగమ్మ రోజూ అడగతాది, ఈ పొద్దు ఎంత తోడినావని" అన్నాడు. "తక్కువ చేసి చెప్తా ఉండా."

"ఎంత తక్కువ?"

"ఆమె నమ్మేంత."

"నమ్ముతోందా?"

పెంచలయ్య పైపు మీద నుంచి చెయ్యి తీశాడు, తడి తుడుచుకున్నాడు.

"నమ్మతాది బావా. నమ్మి, తెల్లారగానే పోయి బావిలోకి వంగి చూసొస్తాది."